రాజును దింపే దారి

మా పక్క ఫ్లాట్ ఆవిడ మైసూరు మనిషి. దసరాకి బొమ్మల కొలువు పెట్టేటప్పుడు అన్నిటికన్నా పై మెట్టు మీద ముందుగా నిలబెట్టేది రాజు, రాణి బొమ్మల జతని. మైసూరు వైపు వాటిని పట్టద గొంబె అంటారు. చెక్కతో చేసిన ఆ జతను పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఇస్తారు. ఏటా వాటికి కొత్త బట్ట చుట్టి, పూసల నగలు వేసి, ఆ తర్వాతే దేవుళ్ళనీ, పెళ్ళి బృందాన్నీ, కొట్టు ముందు కూర్చున్న శెట్టి దంపతులనీ సర్దుతారు.

2025 దసరాకి పేరంటానికి పిలిస్తే ఇంటిల్లిపాదీ వెళ్ళాం. మా మామగారిది హిందూపురం. రిటైరయ్యాక బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. ఆ రాజు బొమ్మను కాసేపు చూసి, "ఎంతన్నా మైసూరు మహారాజులే నయం నాయనా. కన్నంబాడి ఆనకట్ట కట్టినారు, కరెంటు తెచ్చినారు, యూనివర్సిటీ పెట్టినారు. ఇప్పుడోళ్ళు రోడ్డు మీద గుంత పూడ్చలేకపోతున్నారు" అన్నారు.

కిందికి దిగితే గేటు దగ్గర మా వాచ్‌మన్ ఫోన్‌లో వీడియో చూస్తున్నాడు. అతనిది పశ్చిమ నేపాల్‌లో ఒక కొండ ఊరు. ఆ వీడియో, ఆ ఏడాది మార్చి 9న మాజీ రాజు జ్ఞానేంద్ర ఖాట్మండూ విమానాశ్రయంలో దిగినప్పటిది. వేలమంది జనం. "రాజా రా, దేశాన్ని కాపాడు" అని నేపాలీలో అరుస్తున్నారు. "నాయకులందరూ దొంగలే సార్. రాజు ఉండుంటే మేం పని కోసం ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు" అన్నాడు హిందీలో.

ఒకే సాయంత్రం ఇద్దరు మంచి మనుషులు రాజు కావాలన్నారు. ఇద్దరి బాధా నిజమే. ఆ బాధకు రాజు విరుగుడు అవుతాడా అన్న దగ్గరే నాకు పేచీ. ఇప్పటికీ 40కి పైగా దేశాల్లో దేశాధినేత వంశపారంపర్యంగా వచ్చిన రాజో రాణో. ఉంచాలా తీసెయ్యాలా అన్న వాదన బ్రిటన్‌లో నడుస్తోంది, థాయ్‌లాండ్‌లో నడుస్తోంది, తీసేసిన నేపాల్‌లో కూడా నడుస్తోంది. వినేకొద్దీ ఒకటి తెలిసింది. అందరూ రాజు మంచివాడా, చెడ్డవాడా అని వాదించుకుంటున్నారు. అడగాల్సిన ప్రశ్న అది కాదనిపిస్తుంది నాకు. తప్పు జరిగితే అతన్ని దింపే దారి ఉందా లేదా అన్నది అడగాలి.

మామగారి మాటలో అబద్ధం లేదు. ముందు అది ఒప్పుకోవాలి. నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ కాలంలో, 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు కోలారు బంగారు గనులకు చేరింది. 1905లో బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. బెంగళూరులో మనం టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మైసూరు సంస్థానం 371 ఎకరాలు ఇచ్చింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు దివానుగా ఉన్నది 1912 నుంచి 1918 దాకా. వెనకబడిన కులాలకు ఉద్యోగాల్లో చోటెలా అన్న దాని మీద మిల్లర్ కమిటీ వేసింది కూడా ఆ రాజే, 1918లో. ఇంకా వెనక్కి వెళ్తే 1881లోనే మైసూరుకు ప్రజాప్రతినిధి సభ ఉంది. గాంధీగారు ఆ రాజును రాజర్షి అన్నారు.

అదే రాజు, అదే సంస్థానం. 1938 ఏప్రిల్ 25. గౌరిబిదనూరు దగ్గర విదురాశ్వత్థం. హిందూపురానికి కూతవేటు దూరం, మా మామగారి వైపు వాళ్ళంతా నాగప్రతిష్ఠ చేయించుకోవడానికి వెళ్ళే రావిచెట్టు క్షేత్రం. సగానికి సగం జనం తెలుగు మాట్లాడే చోటు. అక్కడ కాంగ్రెస్ జెండా ఎగరేద్దామని జనం పోగయ్యారు. నిషేధం ఉంది. పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. దక్షిణాది జలియన్‌వాలా బాగ్ అని ఇప్పటికీ ఆ చోటుని అంటారు. గాంధీగారు పటేల్‌ని పంపితే, ఆయన అప్పటి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడి, సంస్థానం జెండాతో పాటు కాంగ్రెస్ జెండా కూడా ఎగరేసుకోవచ్చన్న ఒప్పందానికి వచ్చారు.

కాల్చమని రాజు స్వయంగా చెప్పాడని నేను అనడం లేదు. విద్యుత్తు, విద్య ఇచ్చిన రాజ్యంలో కూడా, ఒక జెండా కోసం చావు ఎదురైనప్పుడు జనానికి అడిగే చోటు లేకపోయింది. వచ్చే ఎన్నికల్లో చూసుకుందాం అనడానికి లేదు. బయటి నుంచి గాంధీ, పటేల్ వస్తే తప్ప దారి తెరుచుకోలేదు. 1947 ఆగస్టు 15న దేశమంతా స్వాతంత్ర్యం పండగ చేసుకుంటుంటే మైసూరు జనం ఇంకా తమ ప్రభుత్వం కోసం ఎదురు చూస్తున్నారు. మైసూరు చలో ఉద్యమం చేసి, జైళ్ళు నింపి, అక్టోబరులో గాని బాధ్యతాయుత ప్రభుత్వం తెచ్చుకోలేదు. మొదటి ముఖ్యమంత్రి కె.సి. రెడ్డి గారు కోలారు జిల్లా క్యాసంబళ్ళి మనిషి.

మైసూరు మంచి ఉదాహరణ. ఇక నిజాం సంస్థానంలో వెట్టిచాకిరీ గురించి తెలుగువాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేముంది? రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించుకోలేదు.

రాజు అనే ఒక్క మాటలో మూడు ముడులున్నాయి. ఆజ్ఞ ఇచ్చే అధికారం ఒకటి. ప్రజల సొమ్ము మీద, భూమి మీద హక్కు రెండోది. జనం గుండెల్లో ఉండే మర్యాద మూడోది. రాజరికం రద్దు అన్నప్పుడు ఎవరు ఏ ముడి గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోకపోవడం వల్లే వాదన చిక్కుపడుతుంది. ఈ ముడుల్ని మనదేశం ఒక్కొక్కటిగా విప్పింది.

అధికారం 1947 నుంచి 1950 మధ్య పోయింది. అప్పటికి 560కి పైగా సంస్థానాలున్నాయి. సర్దార్ పటేల్, ఆయన శాఖ కార్యదర్శి వి.పి. మేనన్ కలిసి చాలాచోట్ల ఒప్పించి, కొన్నిచోట్ల గట్టిగా నొక్కి, హైదరాబాదులో 1948 సెప్టెంబరులో సైన్యాన్ని దింపి, విలీనం చేయించారు. రాజ్యం ఇచ్చినందుకు బదులుగా రాజులకు మూడు హామీలిచ్చారు. ఏటా పన్ను లేని రాజభరణం, సొంత ఆస్తులు, బిరుదులు. రాజ్యాంగంలో 291, 362 అధికరణాలు ఆ మాటకు ముద్ర. నిజాంకు ఏటా 50 లక్షలు, మైసూరుకు 26 లక్షలు. చిట్టచివర సౌరాష్ట్రలో కటోడియా అనే చిన్న సంస్థానం పాలకుడికి ఏడాదికి 192 రూపాయలు. అంటే నెలకు 16 రూపాయలు.

ఈ రాజభరణాల రద్దు కథ రాజరికం గురించి వాదించే ప్రతివాళ్ళూ చదవాలి. ఎందుకంటే రెండు పక్షాల వాదనల్లోని బలమంతా అందులో ఉంది.

1970 నాటికి మొత్తం రాజభరణాలు ఏడాదికి 5 కోట్లు కూడా లేవు. దేశ బడ్జెట్‌లో అది ఎంత? అందుకే రద్దు వద్దన్నవాళ్ళు డబ్బు గురించి వాదించలేదు, మాట గురించి వాదించారు. నెత్తురు చిందకుండా అంత పెద్ద భూభాగం కలిసిందంటే అది ఈ మాట మీద నమ్మకంతోనే కదా, దేశం మాట తప్పితే ఇక ఎవరు నమ్ముతారు అన్నారు. పటేల్ కూడా రాజ్యాంగ సభలో ఇదే చెప్పారు, ఒక గొప్ప మార్పుకు ఇది చిన్న మూల్యమని. రద్దు కావాలన్నవాళ్ళు అన్నది వేరు. పుట్టుక ఒక్కటే అర్హతగా, ఏ పనీ చెయ్యకుండా, తరతరాలుగా ఖజానా నుంచి డబ్బు అందుకునే పౌరుడు ఉన్నంతకాలం సమానత్వం అన్న మాటకు అర్థం లేదన్నారు.

1970 సెప్టెంబరులో రద్దు బిల్లు లోక్‌సభలో నెగ్గింది. రాజ్యసభలో 149 మంది అవునన్నారు, 75 మంది కాదన్నారు. ఓటేసిన 224 మందిలో మూడింట రెండు వంతులంటే 149 కన్నా రవ్వంత ఎక్కువ. ఒక్క ఓటులో మూడో వంతు తక్కువై బిల్లు ఓడిపోయింది. ఆ వెంటనే రాష్ట్రపతి వి.వి. గిరి గారి పేరుతో ఉత్తర్వు వచ్చింది, రాజులకు ఇచ్చిన గుర్తింపు మొత్తం తీసేస్తున్నామని. రాజులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నానీ పాల్కీవాలా వాదించారు. డిసెంబరు 15న 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఆ ఉత్తర్వును కొట్టేసింది. రాజ్యాంగంలో ఉన్నదాన్ని ఉత్తర్వుతో చెరపడానికి వీల్లేదంది. ఇందిరాగాంధీ లోక్‌సభను రద్దు చేసి ఎన్నికలకు వెళ్ళారు, గెలిచారు, 1971 డిసెంబరులో 26వ సవరణతో రాజభరణాలు, బిరుదులు రెండూ పోయాయి.

నాకు ఇందులో సుప్రీంకోర్టు చేసింది సరైనదే అనిపిస్తుంది, ఆ తర్వాతి సవరణ కూడా సరైనదే అనిపిస్తుంది. మాట ఇచ్చిన మాట నిజం. దాన్ని రాత్రికి రాత్రి ఒక కాగితంతో తప్పడం అన్యాయం. అయితే ఇవాళ్టి జనం ఇచ్చిన మాట ఇంకా పుట్టని మనవళ్ళను, వాళ్ళ మనవళ్ళను కూడా ఎప్పటికీ కట్టేసేదిగా ఉండకూడదు. ఎన్నికల్లో అడిగి, పార్లమెంటులో సవరించి మార్చారు. ఒక్క తూటా పేలలేదు.

ఆస్తి ముడి మాత్రం ఇంకా పూర్తిగా విప్పలేదు. మనవాళ్ళు పెళ్ళిళ్ళకీ, ఎగ్జిబిషన్లకీ వెళ్ళే బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌ను స్వాధీనం చేసుకోవడానికి కర్ణాటక ప్రభుత్వం 1996లో చట్టం చేసింది. ఆ కేసు కోర్టుల్లో దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. మేఖ్రీ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ప్రతిసారీ, పక్కన ఆ గోడ కనిపించినప్పుడల్లా, రోడ్డు వెడల్పు చెయ్యడానికి కూడా అడ్డం పడుతున్న పాత లెక్కలు గుర్తొస్తాయి.

ఇక మర్యాద. దాన్ని ఏ సవరణా తియ్యలేదు. తియ్యాల్సిన పని కూడా లేదంటాను. మైసూరు దసరా ఊరేగింపులో ఏనుగు మీద దాదాపు 750 కిలోల బంగారు అంబారీ ఉంటుంది. ఒకప్పుడు అందులో రాజు కూర్చునేవాడు. ఇప్పుడు చాముండేశ్వరి అమ్మవారు కూర్చుంటుంది, ఎన్నికైన ముఖ్యమంత్రి పూలు జల్లుతాడు. ప్యాలెస్ లోపల మాత్రం యదువీర్ ఒడెయార్ సింహాసనం ఎక్కి ఖాసగీ దర్బారు, అంటే సొంత దర్బారు, జరుపుతారు. అది ఆ ఇంటి పూజ.

ఆ సింహాసనం మీది మనిషి గురించి రెండు విషయాలు చెప్పాలి. వారసత్వం అంటే రక్తం అనుకుంటాం. 2013 డిసెంబరులో శ్రీకంఠదత్త ఒడెయార్ పిల్లలు లేకుండా చనిపోతే, రాణి ప్రమోదాదేవి 2015లో ఆయన అక్క మనవణ్ణి దత్తత తీసుకున్నారు. మైసూరు వంశంలో దత్తత ఇది మొదటిసారి కాదు. 19వ శతాబ్దంలో దత్తుణ్ణి ఒప్పుకోవాలా వద్దా అని ఇంగ్లీషువాళ్ళు తర్జనభర్జన పడ్డారు. అంటే వారసుడు ఎవరన్నది చివరికి కాగితం మీద తేలే విషయమే. రెండోది, ఆ యదువీర్ 2024లో మైసూరు-కొడగు నుంచి ఎంపీగా పోటీ చేసి లక్షకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఎండలో తిరిగి ఓట్లు అడిగారు. ఆయనకు ముందు శ్రీకంఠదత్త కూడా కాంగ్రెస్ తరఫున నాలుగుసార్లు ఎంపీ అయ్యారు. ఆయన 1991లో బీజేపీ అభ్యర్థిగా ఓడిపోయారు, 2004లోనూ ఓడిపోయారు. దసరాకి ఆయన ముందు చేతులు జోడించిన జనమే కొందరు ఏప్రిల్‌లో ఆయనకు ఓటు వెయ్యలేదు. మర్యాద మర్యాదే, అధికారం అధికారమే. ఆ రెంటినీ విడదీసి చూడగలిగిన ఆ ఓటర్లంటే నాకు చాలా గౌరవం.

చివరి సంతకం

ఇప్పుడు రాజరికానికి ఉన్న గట్టి వాదనకు వద్దాం. ఇది సుల్తానుల లాంటి నిజమైన పాలకుల గురించి కాదు. బ్రిటన్, స్పెయిన్, జపాన్ లాంటి చోట్ల అలంకారంగా ఉండే రాజుల గురించి. రాజు ఏ పార్టీకీ చెందడు, ఎన్నికల ఖర్చు లేదు, రేపటి ఓటు గురించి టెన్షన్ లేదు, కాబట్టి దేశం అంచుకు వచ్చినప్పుడు తటస్థంగా నిలబడి కాపాడతాడు అంటారు.

దీనికి అందరూ చూపించేది స్పెయిన్. 1981 ఫిబ్రవరి 23న లెఫ్టినెంట్ కల్నల్ తెహెరో తుపాకీతో పార్లమెంటులోకి చొరబడి సభ్యులను బందీలుగా పట్టుకున్నాడు. అర్ధరాత్రి దాటాక రాజు హువాన్ కార్లోస్ సైనిక దుస్తుల్లో టీవీలో కనిపించి, తాను ప్రజాస్వామ్యం పక్కనే ఉన్నానని చెప్పాడు. కుట్ర కూలిపోయింది. ఇది నిజం, గొప్ప విషయం.

ఇటలీలో ఇంకో రకం జరిగింది. 1922 అక్టోబరులో ముస్సోలినీ నల్లచొక్కాల దళాలు రోమ్ మీదికి వస్తున్నాయి. ప్రధాని ఎమర్జెన్సీ ఉత్తర్వు సిద్ధం చేశాడు. రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టనన్నాడు. ఆ తర్వాత ముస్సోలినీనే పిలిచి ప్రభుత్వం అప్పజెప్పాడు. 20 ఏళ్ళ పైచిలుకు నియంతృత్వం, ఒక ప్రపంచ యుద్ధం అయ్యాక 1946 జూన్ 2న ఇటలీ ప్రజలు ఓటేసి రాజరికం వద్దనుకున్నారు, 54 శాతం మంది.

రెండు చోట్లా అవే కిరీటాలు, అదే తటస్థత. ఒకడు కాపాడాడు, ఒకడు తలుపు తీశాడు. ఏది వస్తుందో జనం ముందుగా ఎంచుకోలేరు. స్పెయిన్‌ను కాపాడిన హువాన్ కార్లోస్ కూడా 2014లో కొడుక్కి సింహాసనం ఇచ్చి, తర్వాత డబ్బు ఆరోపణల్లో చిక్కుకుని 2020లో దేశం వదిలి అబుదాబి వెళ్ళిపోయాడు. రాజుగా ఉన్నప్పుడు చేసినవాటికి ఆయన మీద కేసు పెట్టడానికి రాజ్యాంగమే ఒప్పుకోదు.

బ్రిటన్‌లో 2019 ఆగస్టులో ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటును కొన్ని వారాలు మూసేయమని సలహా ఇస్తే రాణి ఎలిజబెత్ సరేనంది. ఆమె కాదనడానికి వీల్లేదు, సంప్రదాయం అలాంటిది. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 11 మందీ ఒకే మాటగా అది చెల్లదన్నారు. కాపాడింది కిరీటం కాదు, కోర్టు. అంటే ఆ సంతకానికి బలం ఉంటే ఎవరికీ జవాబు చెప్పనివాడి చేతిలో ఆ బలం ఎందుకు అని అడగాలి. బలం లేకపోతే ఆ సంతకమే ఎందుకు అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకూ కలిపి జవాబు చెప్పినవాళ్ళు నాకింతవరకు కనబడలేదు.

బెల్జియంలో ఈ చిక్కు ఇంకా స్పష్టంగా బయటపడింది. 1990 ఏప్రిల్‌లో రాజు బోదువాఁ గర్భస్రావ చట్టం మీద సంతకం చెయ్యడానికి తన మనస్సాక్షి ఒప్పుకోదన్నాడు. మంత్రివర్గం ఏం చేసిందంటే, రాజు పరిపాలించే స్థితిలో లేడని ప్రకటించి, తామే సంతకం చేసి, మరునాడు పార్లమెంటు ఆయన్ని మళ్ళీ రాజును చేసింది. ఆయన మనస్సాక్షి నిలిచింది, చట్టమూ నిలిచింది. రాజు లేకుండా ఒకరోజు దేశం నడిచింది కూడా.

రాజరికాన్ని సమర్థించేవాళ్ళలో తెలివైనవాళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు. రాజు చేసే పనిలో కాదు గొప్ప, ఆ కుర్చీలో రాజకీయ నాయకుణ్ణి కూర్చోనివ్వకపోవడంలో ఉంది గొప్ప అని. ఇది తేలిగ్గా తీసెయ్యాల్సిన మాట కాదు. మన దగ్గరే 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మంత్రివర్గం కూడా చూడని ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టారు. ఎన్నికైన దేశాధినేత కూడా వంగిపోతాడు. 340 గదుల రాష్ట్రపతి భవన్ ఖర్చు కూడా మనం భరిస్తున్నాం. కానీ 1977లో జనం ఆ ఎమర్జెన్సీ పెట్టినవాళ్ళను ఇంటికి పంపారు. ప్రధానమంత్రే తన సొంత నియోజకవర్గంలో ఓడిపోయారు. గణతంత్రం తప్పు చెయ్యదని నేను అనను. దిద్దుకునే దారి దాంట్లో ఉంది.

రాజును ఉంచుకున్న దేశాల్లో కూడా నిశ్చింతగా ఉన్నవి ఆ దారి వేసుకున్నవే. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయినప్పుడు, రాజుగా రమ్మని పిలిచిన డెన్మార్క్ రాజకుమారుడు తనను జనం నిజంగా కోరుతున్నారో లేదో ఓటు పెట్టి చెప్పమన్నాడు. పెట్టారు, పెద్ద మెజారిటీతో అవునన్నారు, అప్పుడు వచ్చాడు. స్వీడన్ 1974 నాటి కొత్త రాజ్యాంగంతో రాజు చేతిలోంచి సంతకాన్నే తీసేసింది. ప్రధాని పేరును ప్రతిపాదించే పని స్పీకర్‌ది. భూటాన్‌లో నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ జనం అడక్కముందే ఎన్నికలు తెచ్చాడు, 51 ఏళ్ళకే సింహాసనం దిగాడు. 2008 రాజ్యాంగం ప్రకారం అక్కడి రాజు 65 ఏళ్ళకు రిటైర్ కావాలి. పార్లమెంటులో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకుని, తర్వాత ప్రజలు ఓటేస్తే రాజును దింపెయ్యొచ్చు కూడా. మెట్లు ముందే కట్టి ఉన్నాయి కాబట్టి ఎవరూ గోడ బద్దలు కొట్టాల్సిన పని రాలేదు. పేరుకు రాజ్యాలు గాని, లోపల అవి గణతంత్రాలే.

మెట్లు కట్టనివ్వని చోటు థాయ్‌లాండ్. అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షన్ ప్రకారం రాజును అవమానించారంటే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. ఆ చట్టాన్ని మారుద్దాం అన్న మూవ్ ఫార్వర్డ్ పార్టీ 2023 ఎన్నికల్లో అందరికన్నా ఎక్కువ సీట్లు గెలిచింది. 2024 ఆగస్టులో కోర్టు ఆ పార్టీనే రద్దు చేసింది. జనానికి రాజు మీద ఎంత భక్తి ఉందో తెలుసుకునే వీలే లేదు, ఎందుకంటే కాదని చెప్పే హక్కు లేని చోట అవును అన్న మాటకు విలువ ఉండదు.

టూరిజం వాదన మీద ఎక్కువ సేపు ఆగను. రాజు లేని మైసూరు ప్యాలెస్‌కు ఏటా లక్షలమంది వస్తారు. రాజు తల తీసేసిన ఫ్రాన్స్‌లో వెర్సాయ్ ముందు క్యూ తగ్గలేదు. బ్రిటన్ రాజకుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు 2025-26లో 13 కోట్ల పౌండ్ల పైచిలుకు. కిరీటం పేరిట ఉన్న భూములు, భవనాల (క్రౌన్ ఎస్టేట్) లాభమంతా ఖజానాకే వెళ్తోంది కదా అంటారు. ఆ ఎస్టేట్ రాజుగారి సొంత జేబు ఆస్తి కానప్పుడు ఆ లెక్క ఎలా కుదురుతుంది?

తీసెయ్యడం మాత్రం ఎందుకంత కష్టం? 1999లో ఆస్ట్రేలియా ఓటు పెట్టింది, బ్రిటన్ రాణి మనకు అధినేతగా ఉండాలా అని. గణతంత్రం కావాలన్నవాళ్ళే రెండుగా చీలారు. అధ్యక్షుణ్ణి పార్లమెంటు ఎన్నుకోవాలని కొందరు, మేమే నేరుగా ఎన్నుకోవాలని కొందరు. ముందుకు వచ్చిన నమూనా పార్లమెంటుది. నేరుగా కావాలన్నవాళ్ళలో చాలామంది వద్దని ఓటేశారు. దాదాపు 55 శాతం వద్దన్నారు, రాణి ఉండిపోయింది. 1975లో ఆ రాణి ప్రతినిధి గవర్నర్ జనరల్ జాన్ కెర్ ఎన్నికైన ప్రధాని విట్లమ్‌ను డిస్మిస్ చేసిన దేశం అది. అంత జరిగాక కూడా, బదులు ఏమిటో తేలకపోతే ఉన్నదే మిగులుతుంది. బార్బడోస్ 2021లో ఆ తగవు పెట్టుకోలేదు. ఉన్న గవర్నర్ జనరల్ సాండ్రా మేసన్‌నే పార్లమెంటు అధ్యక్షురాలిగా ఎన్నుకుంది, నవంబరు 30 నుంచి గణతంత్రం అయిపోయింది.

మళ్ళీ మా వాచ్‌మన్ దగ్గరికి

అతను రాజును కోరుకోవడంలో రాజభక్తి కన్నా నాయకుల మీద విరక్తి ఎక్కువ. 2008 మే 28న నేపాల్ రాజ్యాంగ సభ 560 ఓట్లతో, కేవలం నలుగురు కాదంటే, 240 ఏళ్ళ షా వంశ రాజరికాన్ని రద్దు చేసింది. నారాయణహిటీ ప్యాలెస్ మ్యూజియం అయింది. ఆ తర్వాత డజనుకు పైగా ప్రభుత్వాలు మారాయి. అవే మూడు నాలుగు ముఖాలు కుర్చీలాట ఆడాయి. ఊళ్ళలో పని లేదు. కుర్రాళ్ళు గల్ఫ్‌కు, మలేషియాకు, మన బెంగళూరుకు వచ్చి పడ్డారు. అతని కోపానికి నేను ఏ వంకా పెట్టలేను.

కానీ అతను మర్చిపోయినవి, లేదా చిన్నతనం వల్ల తెలియనివి కొన్ని ఉన్నాయి. 2001 జూన్ 1 రాత్రి ప్యాలెస్‌లో రాజు బీరేంద్ర, రాణి, కుటుంబంలో చాలామంది తుపాకీ కాల్పుల్లో చనిపోయారు. కాల్చింది యువరాజు దీపేంద్ర అని అధికారిక విచారణ తేల్చింది. ఆ దీపేంద్ర తలకు గాయమై స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు. నిబంధన ప్రకారం వారసుడు అతనే. అందుకని కోమాలో ఉన్న అతన్నే రాజుగా ప్రకటించారు. మూడోనాడు అతనూ చనిపోతే బాబాయి జ్ఞానేంద్ర రాజయ్యాడు. తండ్రిని చంపాడని తర్వాత విచారణలో తేలిన మనిషి, కళ్ళు కూడా తెరవలేని స్థితిలో, ఒక దేశానికి రాజు. వారసత్వ నియమానికి ఎదుట ఉన్న మనిషితో పని లేదు, వరసతోనే పని. ఒక ఇంట్లో ఒక రాత్రి జరిగినదానికి కోట్లమంది తలరాత ముడిపడి ఉంది.

2005 ఫిబ్రవరి 1న జ్ఞానేంద్ర ప్రభుత్వాన్ని తీసేసి తానే పగ్గాలు పట్టుకున్నాడు. నాయకులను గృహనిర్బంధంలో పెట్టించాడు, ఫోన్ లైన్లు కట్ చేయించాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జనం వీధుల్లోకి వచ్చి, ప్రాణాలిచ్చి, అతన్ని వెనక్కి నెట్టారు. అంతకుముందు 1960లో జ్ఞానేంద్ర తండ్రి మహేంద్ర ఎన్నికైన ప్రభుత్వాన్ని రద్దు చేసి పార్టీలను నిషేధిస్తే, ఆ నిషేధం పోవడానికి 1990 దాకా పట్టింది. 30 ఏళ్ళు.

2025 సెప్టెంబరులో నేపాల్ మళ్ళీ మండింది. కుర్రకారు అవినీతి మీద తిరగబడ్డారు, 70 మందికి పైగా చనిపోయారు, పార్లమెంటు భవనం తగలబడింది, ప్రధాని ఓలీ దిగిపోయాడు. దేశంలో ప్రభుత్వం అన్నదే కనబడని ఆ రెండు మూడు రోజుల్లో, పిలవాలనుకుంటే మాజీ రాజు జ్ఞానేంద్ర ఉన్నాడు. ఆ పిల్లలు అతన్ని పిలవలేదు. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ పేరు చెప్పారు. సెప్టెంబరు 12న ఆమె తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు, 2026 మార్చి 5న ఎన్నికలని ప్రకటించారు.

దసరా అయిన కొన్నాళ్ళకు ఇదంతా వాచ్‌మన్‌కు చెప్పాను, వాదించడానికి కాదు, అతను విన్నాడు కాబట్టి. రాజరికం మళ్ళీ కావాలనే పార్టీ ఒకటి నేపాల్‌లో ఉంది, రాష్ట్రీయ ప్రజాతంత్ర పార్టీ. 2022 ఎన్నికల్లో 14 సీట్లు గెలిచింది కూడా. గణతంత్రంలో రాజు కోసం పార్టీ పెట్టి ఓట్లు అడగొచ్చు. మహేంద్ర రాజ్యంలో గణతంత్రం కోసం పార్టీ పెట్టనిచ్చారా అని అడిగాను. అతను కాసేపు ఆలోచించి, వాళ్ళ నాన్న అప్పట్లో ఏదో కరపత్రం దాచుకున్నందుకు భయపడేవాడని చెప్పాడు.

"అయితే మార్చిలో వెళ్ళి ఓటేస్తావా?" అన్నాను. బయటి దేశాల్లో ఉన్న నేపాలీలకు ఉన్నచోటి నుంచే ఓటు వేసే ఏర్పాటు లేదు. ఇక్కడి నుంచి లక్నో దాకా రైలు, అక్కడి నుంచి సరిహద్దు దాకా బస్సు, నేపాల్‌గంజ్ నుంచి మళ్ళీ కొండల్లోకి. పోనూ రానూ పది రోజులు, ఒక నెల జీతం.

"రాజు పార్టీకి వెయ్యాలో, ఇంకెవరికి వెయ్యాలో తర్వాత చూస్తాను సార్. ముందు లిస్టులో నా పేరుందో లేదో కనుక్కోవాలి" అని, వాళ్ళ తమ్ముడికి ఫోన్ కలిపాడు.